బీటీ కొట్టాం, పురుగు చావలేదు

పామాయిల్ తోటలున్న చింతలపూడి, అశ్వారావుపేట వైపు ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. "బీటీ కొట్టాం సార్, పురుగు చావలేదు." బీటీ అంటే గొంగళి పురుగుల్ని చంపే బాక్టీరియా మందు. అబద్ధం చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు. డబ్బు పెట్టి కొన్నారు, డ్రోన్ పెట్టి కొట్టించారు. వారం తర్వాత తలెత్తి చూస్తే ఆకుల కింద పురుగులు కట్టుకున్న సంచులు ఎక్కడివక్కడే వేలాడుతున్నాయి. ఆ కోపంతో పురుగు మందుల కొట్టుకి వెళ్తే ఈసారి రెండు మూడు రసాయనాలు కలిపిన కాక్‌టెయిల్ చేతికొస్తుంది. అది కొట్టిన సాయంత్రానికే ఏవో పురుగులు నేల మీద రాలి కనిపిస్తాయి. ఇక ఆ ఊళ్లో మళ్లీ బీటీ మాటెత్తేవాడు ఉండడు.

నేనేమంటానంటే, బీటీని ఎకరానికో ప్యాకెట్ లెక్కన రైతుకి అంటగట్టి చేతులు దులుపుకున్నంత కాలం అది ఇలాగే ఫెయిలవుతుంది. ఎప్పుడు కొట్టాలో చెప్పే మనిషి, చుట్టుపక్కల తోటలన్నిటికీ ఒకేసారి కొట్టించే ఏర్పాటు ఉంటే పనిచేస్తుంది. విచిత్రం ఏమిటంటే, పామాయిల్‌కి అలాంటి ఏర్పాటు మన దగ్గర 1993 నుంచీ చట్టంలోనే ఉంది. గెలలు కొనడానికి తప్ప దాన్ని ఇంకెందుకూ సరిగా వాడుకోవడం లేదు. అక్కడికి వచ్చేముందు పురుగు సంగతి, మందు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

బీటీ అనగానే మనవాళ్లకి పత్తి గుర్తొస్తుంది. 2002లో వచ్చిన బీటీ పత్తిలో ఈ బాక్టీరియా జన్యువుని మొక్కలోనే పెట్టారు. ఆకు కొరికినా కాయ కొరికినా పురుగుకి విషమే, సీజన్ పొడుగునా. ఇక్కడ నేను మాట్లాడేది అంతకన్నా చాలా పాత సరుకు గురించి. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాని పెంచి పొడిగానో ద్రావణంగానో తయారుచేసి అమ్ముతారు. డైపెల్, డెల్ఫిన్ లాంటి పేర్లతో దొరికేది అదే. అందులో జన్యుమార్పిడి ఏమీ లేదు. సేంద్రియ సేద్యంలో కూడా వాడనిస్తారు.

దీని పుట్టుపూర్వోత్తరాలు తమాషాగా ఉంటాయి. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రవేత్త, పట్టుపురుగులు ఉన్నట్టుండి వాలిపోయి చచ్చిపోయే తెగులుకి కారణం వెతుకుతూ ఈ బాక్టీరియాని పట్టుకున్నాడు. పదేళ్ల తర్వాత జర్మనీలోని తురింజియాలో, పిండిమరలో దొరికిన జబ్బు పురుగుల్లోంచి ఎర్నెస్ట్ బెర్లినర్ దీన్నే వేరుచేశాడు. 1938లో ఫ్రాన్స్‌లో పురుగుల మందుగా అమ్మకానికి పెట్టారు. తర్వాత డీడీటీ కాలం వచ్చింది. గంటల్లో చంపే మందు చేతిలో ఉండగా రోజులు పట్టే మందు ఎవరికి కావాలి? మళ్లీ దీని వైపు చూడటానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. అయితే ఒకటి, ఇది పట్టుపురుగుని చంపే సూక్ష్మజీవిగా మొదలైంది. ఆ సంగతి మనకి మళ్లీ అవసరమవుతుంది.

చంపే పద్ధతి కూడా వేరు. ఈ బాక్టీరియా బీజం కట్టేటప్పుడు పక్కనే ఒక ప్రోటీన్ స్ఫటికం తయారుచేసుకుంటుంది. పురుగు ఆ స్ఫటికాన్ని ఆకుతోపాటు తినాలి, అది ఒంటి మీద పడితే ఏమీ కాదు. గొంగళి పురుగు పేగు బాగా క్షారంగా ఉంటుంది, పీహెచ్ 9 పైనే. అక్కడ స్ఫటికం కరుగుతుంది. పురుగు సొంత జీర్ణరసాలే ఆ ప్రోటీన్‌ని కత్తిరించి అసలు విషాన్ని బయటికి తెస్తాయి. అది పేగు గోడకి అతుక్కుని చిల్లులు పొడుస్తుంది. కొన్ని గంటల్లో పురుగు మేత మానేస్తుంది. చావడానికి మాత్రం రెండు మూడు రోజులు, పెద్ద పురుగైతే ఇంకా ఎక్కువ పడుతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం. విషం అతుక్కోవడానికి కావలసిన పట్టు కూడా మన పేగుల్లో లేదు. అందుకే మనుషులకీ, పశువులకీ, పక్షులకీ దీంతో భయం లేదు.

కాబట్టి పురుగు తింటున్నప్పుడు ఆకు మీద మందు ఉండాలి. ఎండ తగిలితే కొద్ది రోజుల్లోనే దీని బలం పోతుంది, గట్టి వాన పడితే కడుక్కుపోతుంది. సాయంత్రం పూట కొట్టమనేది అందుకే. బోరు నీళ్లు మరీ క్షారంగా ఉంటే స్ఫటికం ట్యాంకులోనే దెబ్బతినే ప్రమాదం ఉంది. పురుగు చిన్నదిగా ఉన్నప్పుడే కొట్టాలి. ఈ షరతులన్నీ ప్యాకెట్ మీద ఉంటాయి. చదివేంత పెద్ద అక్షరాల్లో ఉండవు, అది వేరే సంగతి.

పామాయిల్‌లో ఆకు తినే పురుగులు ప్రధానంగా మూడు రకాలు. ఆకుగూడు పురుగు, ఆకుతేలు జాతివి, సంచి పురుగు. మూడూ రెక్కల పురుగుల పిల్లలే కాబట్టి బీటీకి లొంగే రకమే. వీటిలో సంచి పురుగు చాలా గడుసుది. గుడ్డులోంచి బయటికి రాగానే ఆకు ముక్కల్ని పట్టుదారంతో కలిపి ఒంటి చుట్టూ సంచి కట్టుకుంటుంది. ఇక గొంగళిగా ఉన్నంత కాలం ఆ సంచిలోనే. మెడ మాత్రం బయటపెట్టి ఆకు పొరని గీకి తింటుంది. ఆడదానికి పెద్దయినా రెక్కలు రావు, సంచి వదలదు, గుడ్లు కూడా దాంట్లోనే పెడుతుంది. వందకి పైగా పిల్లలు ఒక్క సంచిలోంచి బయటపడి, సన్నని దారానికి వేలాడుతూ గాలివాటున పక్క మట్టకో పక్క తోటకో చేరతాయి. పక్క తోట ఎవరిదనేది పురుగుకి అక్కర్లేదు.

ఒంటికి తగిలి చంపే మందులకి ఈ సంచి అడ్డం. తిని చచ్చే బీటీకి అడ్డం కాదు. కానీ ఇదే సంచి బీటీకి చెడ్డపేరు కూడా తెస్తోంది. మా మావయ్య తోటలో అది కళ్లారా చూశాను.

బీటీ కొట్టించి నాలుగైదు రోజులైంది. మావయ్య గట్టు మీద నిలబడి పైకి చూపించాడు. "ఒరేయ్, నువ్వు పొగిడిన మందు ఇదేగా. చూడు, ఒక్క సంచైనా రాలిందా?" అన్నాడు. నిజమే, రాలలేదు. "రాలవు మావయ్యా, చచ్చినా దారంతో ఆకుకే అంటుకుని ఉంటాయి. మట్ట ఒకటి దింపించండి, చూద్దాం" అన్నాను. గెలలు కోసే కుర్రాడు గెడకత్తితో ఒక మట్ట దింపాడు. గోరంత ఉన్న సంచుల్ని పీకి, బ్లేడుతో నిలువునా చీల్చుకుంటూ పోయాం. కొన్నిటిలో పురుగు నల్లబడి, ముడుచుకుపోయి, నొక్కితే నీరు కారేలా ఉంది. అవి బీటీకి చచ్చినవి. కొన్నిటిలో పురుగు లేదు, అప్పటికే గోధుమరంగు ప్యూపా, అంటే రెక్కల పురుగుగా మారే ముందు దశ, అయిపోయింది. సంచి మూతి కుట్టేసుకుని లోపల కూర్చున్నది ఆకు తినదు, తినకపోతే బీటీ దాన్ని ఏమీ చేయలేదు. ఇంకో రెండు మూడు సంచులకి గుండుసూది మొనంత రంధ్రాలున్నాయి. వాటిలో పురుగుని కందిరీగ జాతి పరాన్నజీవి ఎప్పుడో తినేసి, రంధ్రం చేసుకుని బయటికి పోయింది.

మావయ్య సంచి పట్టుకుని చాలాసేపు చూశాడు. "అంటే కొన్ని చచ్చాయి, కొన్నిటికి ఆలస్యంగా కొట్టాం. అంతేనా?" అన్నాడు. అంతే. ఆ ప్యాకెట్ అమ్మిన కొట్టులో పురుగు ఏ సైజులో ఉందని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎన్నెకరాలని మాత్రమే అడిగారు.

కింద నిలబడి సంచులు లెక్కపెడితే బీటీ ఎప్పటికీ ఫెయిలే. దీనికో తేలిక పరీక్ష ఉంది. చెట్టు కింద తెల్లటి గుడ్డ పరిచి, అందులో రాలే పురుగు రెట్ట గుళికల్ని కొట్టే ముందురోజు ఒకసారి, కొట్టిన రెండో రోజు ఒకసారి చూడాలి. గుళికలు బాగా తగ్గితే పురుగు మేత మానేసినట్టు. రైతుకి కావలసింది కూడా అదే కదా, ఆకు మిగలడం. శవాలు లెక్కపెట్టే అలవాటు మనకి రసాయన మందులు నేర్పాయి.

ఆకు పోతే ఏమవుతుందనేది పామాయిల్‌లో మరీ మోసంగా ఉంటుంది. వరిలో పురుగు పడితే ఆ పంటలోనే తెలుస్తుంది. పామాయిల్‌లో ప్రతి మట్ట మొదట్లో ఒక పూగుత్తి పుడుతుంది. అది ఆడదవుతుందా మగదవుతుందా అనేది గెల కోతకి దాదాపు రెండేళ్ల ముందే నిర్ణయమైపోతుంది. అప్పుడు చెట్టు ఒత్తిడిలో ఉంటే మగవి పెరుగుతాయి, గెలలిచ్చే ఆడవి తగ్గుతాయి. ఈ ఏడాది పురుగు మట్టల్ని జల్లెడ చేసినా కోత మాత్రం మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు కోస్తున్న గెలలు పాత కాలపువి. దిగుబడి పడిపోయేది ఆ తర్వాత. అప్పటికి పురుగు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఎరువు తగ్గిందనో ఎండ ఎక్కువైందనో అనుకుంటారు. ఆకు కొద్ది శాతం పోయినా తర్వాతి రెండేళ్లలో దిగుబడి మూడో వంతు దాకా పడిపోవచ్చని మలేషియా పరిశోధకులు లెక్కగట్టారు. నష్టం ఇంత ఆలస్యంగా కనబడే పంటలో పురుగుని కనిపెట్టే పని ఒక్కో రైతు కంటిచూపుకి వదిలేయడం నాకు బొత్తిగా సమంజసంగా అనిపించదు.

మరి రసాయనం కొడితే పోలేదా? చాలామంది అడిగేది ఇదే. పామాయిల్‌లో దీనికి గట్టి సమాధానం ఒకటి ఉంది. విచ్చుకున్న మగ పూగుత్తి దగ్గరికి వెళ్తే సోంపు వాసన వస్తుంది. దాని మీద ముదురు రంగు చిన్న ముక్కుపురుగులు వేలల్లో పాకుతుంటాయి. ఇలిడోబియస్ కామెరూనికస్ అని దాని పేరు, సొంతూరు ఆఫ్రికా. ఆ పురుగు మగ పూల మీద బతుకుతూ, వాసన పట్టుకుని ఆడ పూల మీదకి పోయి పుప్పొడి అంటిస్తుంది. గెలలో కాయ నిండేది దాని పుణ్యమే. మలేషియాలో 1981కి ముందు ఈ పని కూలీలు చేత్తో చేసేవాళ్లు. ఆ ఏడాది కామెరూన్ నుంచి ముక్కుపురుగుని తెచ్చి వదిలాక చేతి పని అవసరం లేకుండా పోయింది. 1980ల మధ్యలో కేరళ మీదుగా మన దేశానికీ వచ్చింది. తోటలో సైపర్‌మెత్రిన్ లాంటి మందు కొడితే సంచి పురుగు సంచిలో దాక్కుంటుంది, ఆరుబయట తిరిగే ముక్కుపురుగు చస్తుంది. గొంగళిని చంపే బీటీ రకం దీని జోలికి పోదు.

ఇంకో సమాధానం కోకో తోటలది. 1950ల చివర్లో అప్పటి ఉత్తర బోర్నియోలో, అంటే ఇప్పటి సాబాలో, అడవి కొట్టి కోకో వేశారు. పురుగులు పడ్డాయని డీడీటీ, డీల్‌డ్రిన్, ఎండ్రిన్ కొట్టారు. కొట్టేకొద్దీ పురుగులు పెరిగాయి. 1961లో అక్కడికి కీటక శాస్త్రవేత్తగా వెళ్లిన గోర్డన్ కాన్వే అనే ఇంగ్లిషు కుర్రాడు మందు ఆపేయమన్నాడు. తోటలు కాలిపోతున్నాయి, ఆపమంటావా అన్నారట ఎస్టేటు వాళ్లు, అనకుండా ఉంటారా మరి! ఆపాక పరాన్నజీవి కందిరీగలు తిరిగొచ్చి కొమ్మ తొలిచే పురుగుని అదుపు చేశాయి. మొండికేసిన సంచి పురుగు మీద మాత్రం, మేలు చేసే కీటకాలకి పెద్దగా హాని చేయని మందొకటి ఎంచి కొట్టారు. కందిరీగల్ని చంపితే సంచి పురుగుకి అడ్డు ఉండదన్న సంగతి మలేషియా తోటలకి అరవై ఏళ్ల కిందటే తెలుసు. మన పామాయిల్ రైతు మాత్రం ఇప్పుడు అదే పాఠం సొంత డబ్బుతో కొనుక్కుంటున్నాడు. మా మావయ్య తోటలో సూదిమొన రంధ్రాలున్న సంచులు దొరికాయన్నాను కదా, కాక్‌టెయిల్ కొడితే ముందు పోయేది ఆ రంధ్రాలు చేసినవే.

కొబ్బరిలో రసాయనం కథ మరీ దారుణం. చెట్టు ఎత్తు, పైన కొట్టలేం. అందుకని వేరు ద్వారా మందు ఎక్కించే పద్ధతి వచ్చింది. లేత వేరొకటి వెతికి, ఏటవాలుగా కోసి, 10 మిల్లీలీటర్ల మోనోక్రోటోఫాస్‌లో అంతే నీళ్లు కలిపిన పాలిథిన్ కవర్లో ఆ కొసని ముంచి కట్టేస్తారు. తర్వాత 45 రోజులు కాయ దింపకూడదు. కోనసీమలో ఎవరినైనా అడగండి, బొండాల రేటు బాగున్నప్పుడు 45 రోజులు ఎంతమంది ఆగుతారో. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది ఇదే మోనోక్రోటోఫాస్ కలిసిన నూనె వల్ల. పదేళ్లకి, 2023లో, మన దేశంలో విరివిగా అమ్ముడయ్యే దాని 36 శాతం ద్రావణాన్ని ఆపేయమని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది.

అలాగని కొబ్బరికి కూడా బీటీయే మందు అనేస్తే నేనూ ఆ కొట్టువాడి లాగే మాట్లాడినట్టు. బీటీ వేరు ద్వారా ఎక్కదు, ఆకు మీదే ఉండాలి. కొబ్బరి నల్లతల గొంగళి పురుగు ఆకు అడుగున, పట్టుదారంతోనూ సొంత రెట్టతోనూ గొట్టంలాంటి గూడు కట్టుకుని, లోపలే పచ్చదనం గీకి తింటుంది. పైనుంచి డ్రోన్ చల్లే తుంపర దాని దగ్గరికి చేరడం కష్టం. అక్కడ అంబాజీపేట పరిశోధన కేంద్రం పెంచి ఇచ్చే గోనియోజస్, బ్రాకన్ అనే పరాన్నజీవులే నయం. అవి గూడు వెతుక్కుంటూ పోతాయి. ఆరుబయట ఆకు తినే ఆకుతేలుకి మాత్రం బీటీ బాగానే సరిపోతుంది. కొమ్ము పురుగుకి, తెల్లదోమకి బీటీ కొట్టేవాళ్లని కూడా చూశాను. ఒకటి పెంకు పురుగు, ఇంకోటి రసం పీల్చేది. గొంగళి పురుగుల బీటీ వాటికి నీళ్లతో సమానం. ఆ డబ్బు కూడా "బీటీ పనిచేయదు" ఖాతాలోకే పోతుంది.

నాసిరకం బయో మందుల బెడద సరేసరి. కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు లేని సీసా ఏదైనా "బయో" పేరుతో వస్తే దాంట్లో బాక్టీరియా లేకపోవచ్చు, చాటుగా కలిపిన రసాయనం ఉండొచ్చు. అసలు సరుకైనా మే నెలలో రేకుల షెడ్డులో నెలల తరబడి పడుంటే బలం తగ్గుతుంది. మంచి సరుకు చేసుకోలేని దేశమేం కాదు మనది. రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ ఆముదం దాసరి పురుగు కోసం డీఓఆర్ బీటీ-1 అనే రకాన్ని సొంతంగా తయారుచేసి కంపెనీలకి ఇచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన ఈ బీటీ గురించి మన పేపర్లలో వచ్చినది ఎంత తక్కువో చూస్తే బాధేస్తుంది.

ఇక ఎత్తు సంగతి. పదేళ్లు దాటిన పామాయిల్ చెట్టు మీదకి చేతి స్ప్రేయర్ అందదు. డ్రోన్ వచ్చాక ఆ చిక్కు చాలావరకు తీరింది. పైనుంచి కొట్టడం అనగానే మాత్రం కేరళలోని కాసర్‌గోడ్ గుర్తుకు రావాలి. అక్కడ జీడితోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. దాని ఫలితాలు ఊళ్లకి ఊళ్లు అనుభవిస్తున్నాయి. చివరికి 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా దాన్ని ఆపింది. బీటీ ఎండోసల్ఫాన్ కాదు, నిజమే. అయినా కింద నీళ్ల తొట్టి, పశువుల మేత ఉన్న ఊళ్లో పైనుంచి ఏదో చల్లుతున్నారంటే జనం అడుగుతారు, అడగాలి కూడా. ముందురోజు టాంటాం వేయించడానికి పెద్ద ఖర్చేం కాదు.

నాకు అసలు టెన్షన్ పట్టుపురుగు గురించి. తెలంగాణలో పామాయిల్ ఇప్పుడు మంచిర్యాల, భూపాలపల్లి జిల్లాలకి కూడా పాకింది. అదే వైపు చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగుల్ని ఆరుబయట పెంచుతారు. మల్బరీ పట్టుపురుగుకి షెడ్డయినా ఉంటుంది, దసలికి అదీ లేదు. ఆ పురుగూ గొంగళే, దాని పేగూ క్షారమే. గాలివాటున డ్రోన్ తుంపర మద్ది చెట్ల మీద పడితే ఒక కుటుంబం సీజన్ మొత్తం పోతుంది. బీటీ గురించి మాట్లాడేవాళ్లు "పూర్తిగా సురక్షితం" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. మనిషికీ, తేనెటీగకీ, ముక్కుపురుగుకీ సురక్షితం. సీతాకోకచిలుకకీ పట్టుపురుగుకీ కాదు. ఆ వైపు మండలాల్లో దసలి పెంపకం ఎక్కడ జరుగుతోందో మ్యాపు గీయకుండా డ్రోన్ లేపకూడదు.

పురుగు బీటీకి అలవాటు పడదా అని అడగొచ్చు. పడుతుంది. 1990లోనే హవాయిలో క్యాబేజీ జాతి పంటల డైమండ్ రెక్కల పురుగు, పదేపదే కొట్టిన బీటీకి తట్టుకుని నిలబడిందని బయటపడింది. మన గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని ఏం చేసిందో వేరే చెప్పక్కర్లేదు. పత్తిలో విషం రోజూ ఉంటుంది, అందుకే అంత తొందరగా అలవాటు పడింది. స్ప్రే చేసిన బీటీ నాలుగు రోజుల్లో పోతుంది. ఎండకి చెడిపోవడం దాని లోపం అంటారు కానీ ఈ విషయంలో అది మేలే. అయితే పురుగు ఉన్నా లేకపోయినా నెలకోసారి కొట్టండనే క్యాలెండర్ పద్ధతి పెడితే ఆ మేలు కాస్తా పోతుంది.

అందుకని ఎప్పుడు కొట్టాలనే ప్రశ్న దగ్గరికే తిరిగి వస్తున్నాను. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో స్ప్రూస్ అడవుల్ని తినే గొంగళి పురుగు మీద 1987 నుంచి విమానాలతో బీటీ ఒక్కటే చల్లుతున్నారు. ఎత్తయిన చెట్లు, వేల హెక్టార్లు. అక్కడ పనిచేస్తోందంటే కారణం, పురుగు ఏ దశలో ఉందో మనుషులు ముందే తిరిగి చూసి తేదీ నిర్ణయిస్తారు, ప్రాంతం మొత్తానికి ఒకేసారి కొడతారు. మలేషియాలో మట్టకి సుమారు పది పురుగులు దాటితేనే రంగంలోకి దిగుతారు. 2013లో సంచి పురుగుని ప్రమాదకర చీడగా చట్టప్రకారం ప్రకటించారు. అంత చేసినా పెద్ద ఎస్టేట్లలో అదుపయినంతగా చిన్న రైతుల తోటల్లో కాలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఒకడు కొడతాడు, పక్కవాడు కొట్టడు, గాలి మళ్లీ దారాలు మోసుకొస్తుంది.

మన తోటలన్నీ ఆ చిన్న రైతుల రకమే. కానీ మనకి వాళ్లకి లేని వెసులుబాటు ఒకటి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1993లో చేసిన ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ఏ మండలం ఏ ఫ్యాక్టరీకో ముందే కేటాయిస్తారు. ఆ జోన్‌లోని రైతు గెలలు ఆ ఫ్యాక్టరీకే ఇవ్వాలి, ఫ్యాక్టరీ కొనాల్సిందే. ఏ తోట ఎవరిది, ఎన్నేళ్లది, ఎన్ని టన్నులొస్తోంది అన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. ఫీల్డ్ సిబ్బంది ఉంటారు. గెలల డబ్బు వాళ్ల చేతుల మీదుగానే రైతు ఖాతాలో పడుతుంది. పురుగు లెక్కింపుకీ, ఒకేసారి మందు కొట్టించడానికీ ఇంతకన్నా సరైన ఏర్పాటు ఎక్కడ దొరుకుతుంది? 2021లో కేంద్రం వంటనూనెల మిషన్ పేరుతో పామాయిల్‌కి 11,040 కోట్లు ప్రకటించింది. మొక్కలకి, డ్రిప్‌కి, అంతర పంటలకి డబ్బులున్నాయి. ఊరూరా మట్ట దింపి సంచి చీల్చి చూసే మనిషికి జీతం కూడా అందులోంచే రావాలి.

జోన్‌లో ప్రతి ఊరికీ కొన్ని తోటలు ఎంచి పదిహేను రోజులకోసారి మట్టలు చూడాలి. పురుగు చిన్న దశలో ఉండి లెక్క దాటితే ఆ బ్లాకు మొత్తానికి, యజమాని ఊళ్లో ఉన్నా లేకపోయినా, ఫ్యాక్టరీయే బీటీ కొట్టించాలి. ఖర్చు టన్నుకి ఇంతని గెలల డబ్బులోంచి కొంత, ఫ్యాక్టరీ నుంచి కొంత వసూలు చేయాలి. దిగుబడి పడిపోతే మిల్లు కూడా ఖాళీగా తిరుగుతుంది కాబట్టి ఇది వాళ్లకి దానమేమీ కాదు. లెక్కింపు మాత్రం మందు కొనేవాళ్ల చేతిలో ఉండకూడదు, హార్టికల్చర్ శాఖ చేతిలో ఉండాలి. లేకపోతే మళ్లీ క్యాలెండర్ పద్ధతే వస్తుంది.

మావయ్యకి ఇదంతా చెబితే ఆయన అడిగింది ఒకటే. "గెలల డబ్బులో కోస్తామంటే మొదట గొడవ చేసేది కౌలుకి చేసేవాడు. నష్టం కనపడేది రెండేళ్లకి అంటున్నావు, అప్పటికి వాడు ఈ తోటలో ఉంటాడో లేడో. వాడెందుకు కడతాడు?" సరైన ప్రశ్నే. రెండేళ్ల తర్వాతి గెలల లాభం యజమానిదే కాబట్టి కోత కూడా యజమాని వాటాలోంచే పోవాలని నేనన్నాను. ఫ్యాక్టరీ దగ్గర ఉన్న పేరు యజమానిదే, డబ్బు పడేదీ ఆయన ఖాతాలోనే. కానీ కౌలు లెక్క నోటిమాట మీద నడుస్తుంది. కోసిన డబ్బుని యజమాని కౌలులో కలిపేసి తిరిగి రాబట్టుకుంటే ఆపేదెవరో నేను చెప్పలేకపోయాను. కౌలుదారు కార్డులు సక్రమంగా ఇచ్చే ఊళ్లలో ముందు మొదలుపెట్టి చూడొచ్చు అన్నాను. "అలాంటి ఊరుంటే నాకూ చెప్పు" అన్నాడు మావయ్య.